సొంతంగా కీబోర్డు చేసుకోవాలంటే: 16 కీలతో మొదలుపెట్టండి

నా బల్ల మీది కీబోర్డు చూసినవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఒకటే: "ఇలాంటిది నేనూ చేసుకోవాలి, ముందు ఏం కొనాలి?" ముందు ఏమీ కొనకండి. తెల్ల కాగితం, అట్టముక్క, స్కేలు దగ్గర పెట్టుకోండి. నేను చూసినంతలో మొదటి ప్రయత్నం మధ్యలో వదిలేసినవాళ్లలో ఎక్కువమంది చేసిన తప్పు సోల్డరింగ్‌లో లేదు. చేతికి సరిపోతుందో లేదో చూడకుండానే ఆర్డర్ పెట్టేశారు.

రెండో మాట. మొదటిసారే పూర్తి కీబోర్డు జోలికి వెళ్లొద్దు. నాలుగు అడ్డ వరుసలు, నాలుగు నిలువు వరుసలు, మొత్తం 16 కీలు చాలు. ఒక్కో కీకి మూడు సోల్డర్ అతుకులు పడతాయి. 16 కీలకు 48, 60 కీలకు 180. పెద్ద కీబోర్డులో ఉండే పని అంతా ఈ చిన్నదానిలోనూ ఉంటుంది కానీ, తప్పు జరిగితే ఒక్క సాయంత్రంలో దిద్దుకోవచ్చు. పైగా ఇది నేర్చుకున్నాక మూలన పడేసే వస్తువు కాదు. మామూలు కీబోర్డు పక్కన పెట్టుకుంటే కాపీ, పేస్ట్, మ్యూట్, భాష మార్చడం లాంటి పనులన్నీ ఒక్క నొక్కుతో అయిపోతాయి. తెలుగు టైపు చేసేవాళ్లకు ఇంకా పెద్ద లాభం ఉంది, చివర్లో చెబుతాను.

కావలసినవి

- ఎంఎక్స్ తరహా స్విచ్‌లు, అంటే ఒక్కో కీ కింద ఉండే మీటలు 18 (రెండు అదనం)
- 1ఎన్4148 డయోడ్లు, అంటే కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే చిన్న భాగాలు 20
- రాస్‌బెర్రీ పై పికో బోర్డు ఒకటి (కీబోర్డుకు మెదడు ఇదే)
- ఒక యూనిట్ సైజు కీక్యాప్‌లు, అంటే వేలు ఆనే పై తొడుగులు 16 (యూనిట్ అంటే ఏమిటో మెట్టు 2లో)
- సన్నటి వైరు, రెండు రంగుల్లో
- 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 సోల్డర్, అతుకు బాగా పట్టడానికి ఫ్లక్స్, అతుకు తీయడానికి విక్
- డయోడ్ మోడ్ ఉన్న మల్టీమీటర్
- డేటా పనిచేసే మైక్రో యూఎస్‌బీ కేబుల్

హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో డయోడ్లు, వైర్లు, సోల్డర్ లాంటి మామూలు సామాను దొరుకుతుంది. స్విచ్‌లు, కీక్యాప్‌లు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే తేలిక.

ఏ స్విచ్ కొనాలని ఎక్కువ ఆలోచించకండి. సాఫీగా దిగేది లీనియర్, మధ్యలో చిన్న తట్టు తగిలేది టాక్టైల్, దానికి తోడు టక్కుమనేది క్లిక్కీ. ఆఫీసులో, లేదా పిల్లలు పడుకున్న గదిలో వాడేటట్లయితే క్లిక్కీ వద్దు. మిగతా రెండింటిలో ఏదైనా పరవాలేదు.

1. మీ చేతులు ఏం చేస్తున్నాయో రాసుకోండి

మూడు రోజులు పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఏ పనికి రెండు మూడు కీలు కలిపి నొక్కుతున్నారో, దేనికోసం చెయ్యి ఎత్తి మౌస్ దగ్గరకు వెళుతున్నారో గీతలు పెట్టండి. మూడో రోజుకి పది పన్నెండు పనులు తేలతాయి. మీ కీబోర్డులో ఉండాల్సినవి అవే. ఇంకొకరి కీబోర్డు ఫొటో చూసి అదే అమరిక తెచ్చుకుంటే అది వాళ్ల చేతికి చేసిన కీబోర్డే అవుతుంది.

2. అమరిక గీయండి

కీబోర్డ్ లేఅవుట్ ఎడిటర్ అనే ఉచిత వెబ్ పరికరంలో కీలను జరుపుకుంటూ అమరిక గీసుకోవచ్చు. గుర్తుంచుకోవాల్సిన కొలత ఒక్కటే. ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకు 19.05 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. దీన్నే ఒక యూనిట్ అంటారు. స్పేస్‌బార్ సాధారణంగా 6.25 యూనిట్లు ఉంటుంది.

మొదటిదానిలో అన్నీ ఒక యూనిట్ కీలే పెట్టండి. రెండు యూనిట్లు, అంతకు పైబడిన కీకి కింద స్టెబిలైజర్ అనే తీగ బిగించాలి, లేకపోతే ఒక మూల నొక్కితే రెండో మూల లేచి ఇరుక్కుంటుంది. ఇంకో చిక్కు కీక్యాప్‌లది. తెర మీద 1.6 యూనిట్ల కీ గీయడం చిటికెలో పని, ఆ సైజు క్యాప్ మాత్రం ఎక్కడా దొరకదు. పెద్ద కీబోర్డు గీసే రోజు వచ్చినా, ముందు కీక్యాప్ సెట్‌లో ఏ సైజులు ఉన్నాయో చూసి, తర్వాతే గీయండి.

3. కాగితం మీద ప్రింట్ తీసి టైపు చేయండి

ఈ మెట్టు దాటేయకండి. అమరికను అసలు సైజులో ప్రింట్ తీయండి. ప్రింటర్ సెట్టింగ్‌లో "ఫిట్ టు పేజ్" తీసేసి 100 శాతం పెట్టాలి. ప్రింట్ వచ్చాక స్కేలుతో కొలవండి. నాలుగు కీల వెడల్పు 76.2 మి.మీ. ఉండాలి. 74 వచ్చిందంటే ప్రింటర్ కుదించేసిందని అర్థం, మళ్లీ తీయండి.

దాన్ని అట్టకు అంటించి, అసలు కీబోర్డు ఉండాల్సిన చోట పెట్టి, రెండు రోజులు వేళ్లతో తడుతూ పని చేయండి. చూసేవాళ్లకు వింతగా ఉండొచ్చు కానీ ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు. చిటికెన వేలు సాగుతోందా? మణికట్టు పక్కకు వంగుతోందా? వేలు చూడకుండా వెళ్లి పక్క గడిలో పడుతోందా? పడిన చోటల్లా పెన్నుతో చుక్క పెట్టండి. చుక్కలు ఒకే పక్కకు చేరితే కీని అటే జరపండి.

మామూలు కీబోర్డులో ఒక వరుస కింద ఇంకో వరుస కాస్త పక్కకు జరిగి ఉంటుంది చూడండి, అది పాత టైపు మిషన్లో ఒక్కో కీ నుంచి వెళ్లే లోహపు కడ్డీలకు చోటు ఇవ్వడానికి వచ్చిన ఏర్పాటు. మీ కీబోర్డులో కడ్డీలు లేవు. కాబట్టి నిలువు వరుసలు తిన్నగా పెట్టుకోవచ్చు, మధ్యవేలి వరుసను కాస్త పైకి, చిటికెన వేలి వరుసను కాస్త కిందికి జరుపుకోవచ్చు. ఆ స్వేచ్ఛ కోసమే కదా ఈ శ్రమంతా.

4. ప్లేట్ చేయించండి

స్విచ్‌లు కూర్చునే పలకను ప్లేట్ అంటారు. ప్రతి స్విచ్‌కీ 14 మి.మీ. చదరపు రంధ్రం. రెండు రంధ్రాల మధ్య మిగిలే గోడ 5.05 మి.మీ. స్విచ్ పక్కనుండే కొక్కేలు పట్టుకోవాలంటే ప్లేట్ మందం 1.5 మి.మీ. ఉండాలి.

షాపు బోర్డులు చేసేవాళ్ల దగ్గర లేజర్ కటింగ్ మిషన్ ఉంటుంది, యాక్రిలిక్ మీద కోయించుకోవచ్చు. రెండు జాగ్రత్తలు. ఒకటి, వాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేది 3 మి.మీ. షీటు. దానిలో కొక్కెం పట్టదు, క్యాప్ లాగినప్పుడు స్విచ్ కూడా ఊడి వస్తుంది. తప్పనిసరైతే వెనక నుంచి మూలల్లో చుక్క జిగురు పెట్టాలి. రెండు, లేజర్ కొంత పదార్థాన్ని కాల్చేస్తుంది కాబట్టి రంధ్రం గీసినదానికన్నా కాస్త పెద్దదవుతుంది. ముందు 13.8, 13.9, 14 మి.మీ. సైజుల్లో మూడు రంధ్రాలు ఒక ముక్క మీద కోయించి, స్విచ్ ఏదానిలో బిగువుగా కూర్చుంటుందో చూసి, మొత్తం ప్లేటుకు ఆ కొలతే ఇవ్వండి. ఫైలు ఇచ్చేటప్పుడు ప్లేట్ బయటి కొలతను కాగితం మీద కూడా రాసివ్వండి. మిల్లీమీటర్లలో గీసిన ఫైలు వాళ్ల కంప్యూటర్లో అంగుళాల్లో తెరుచుకోవడం మామూలే.

లేజర్ దొరక్కపోతే త్రీడీ ప్రింట్ చేయించుకోవచ్చు. అదీ లేకపోతే గట్టి అట్టను బ్లేడుతో కోసి కూడా మొదటిది చేసేయొచ్చు. అందంగా ఉండదు, పనిచేస్తుంది.

5. వైరింగ్ పటం గీయండి

పెద్ద కీబోర్డులో ఒక్కో కీకి పికోలో ఒక్కో పిన్ ఇస్తే పిన్నులు చాలవు. అందుకే కీలను గళ్లలా కలుపుతారు. ప్రతి నిలువు వరుసకు ఒక పిన్, ప్రతి అడ్డ వరుసకు ఒక పిన్. 16 కీలకు 8 పిన్నులు సరిపోతాయి. ఈ పద్ధతిలో డయోడ్ లేకపోతే దీర్ఘచతురస్రంలో మూడు మూలలు నొక్కగానే నాలుగో మూల కూడా నొక్కినట్టు కంప్యూటర్‌కు కనిపిస్తుంది. ప్రతి స్విచ్‌కీ డయోడ్ పెట్టేది అందుకే. సిద్ధాంతం ఇంతకుమించి అక్కర్లేదు.

పికోలో నిలువు వరుసలకు జీపీ2 నుంచి జీపీ5, అడ్డ వరుసలకు జీపీ6 నుంచి జీపీ9 తీసుకోండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. జీపీ నంబరు వేరు, బోర్డు అంచున వరుసగా లెక్కపెట్టే పిన్ నంబరు వేరు. జీపీ2 ఉండేది నాలుగో పిన్ మీద. మూడో పిన్, ఎనిమిదో పిన్ గ్రౌండ్. కాబట్టి జీపీ2–5 అంటే 4 నుంచి 7 వరకు, జీపీ6–9 అంటే 9 నుంచి 12 వరకు. పటంలో రెండు నంబర్లూ రాసుకోండి.

ఇంకో పొరపాటు ఇంతకన్నా సాధారణం. ప్లేటు తిరగేసి వెనక నుంచి సోల్డర్ చేస్తాం కాబట్టి కుడి ఎడమలు తారుమారవుతాయి. ముందు వైపు మొదటి నిలువు వరుస వెనక నుంచి చూస్తే నాలుగోది. ఐరన్ వేడెక్కకముందే ప్లేట్ వెనక మార్కర్‌తో "ని1, ని2, ని3, ని4" అని తిరగేసిన క్రమంలో రాసేయండి.

6. సోల్డర్ చేయండి

కిటికీ తీసి కూర్చోండి. ఐరన్ వేడి మార్చుకునే వీలుంటే 320 నుంచి 350 డిగ్రీలు పెట్టండి. 60/40 సోల్డర్‌లో సీసం ఉంటుంది, పని అయ్యాక చేతులు కడుక్కోనిదే ఏమీ తినకండి.

- అన్ని స్విచ్‌లూ ఒకే దిక్కుకు తిరిగేలా ప్లేటులో కూర్చోబెట్టండి. వెనక పిన్నులు వంగాయేమో చూడండి.
- ప్రతి స్విచ్‌లో ఒకే వైపు పిన్నుకు డయోడ్ కాలు చుట్టి అతికించండి. డయోడ్ మీద నల్ల గీత ఉన్న వైపు స్విచ్‌కు దూరంగా, అడ్డ వరుస వైపు ఉండాలి. పదహారింటికీ ఇంతే.
- గీత వైపు కాళ్లను పక్కకు వంచి ఒకదానికొకటి అతికిస్తే అదే అడ్డ వరుస తీగ అవుతుంది. వేరే వైరు అక్కర్లేదు.
- నిలువు వరుసలకు తొడుగున్న వైరు వాడండి. స్విచ్ పిన్ వచ్చే చోట మాత్రం తొడుగు తీసి, రెండో పిన్నుకు అతికించండి. కింద డయోడ్ కాళ్లు తొడుగు లేకుండా ఉన్నాయి కాబట్టి ఈ వైరు వాటికి తగలకూడదు.
- చివరగా ఎనిమిది వరుసల నుంచి పికోకు వైర్లు లాగండి. నిలువుకు ఒక రంగు, అడ్డానికి ఒక రంగు.

ముందు పిన్నును వేడి చేసి, ఆ వేడికి సోల్డర్ కరగనివ్వాలి. ఐరన్ మొనకు సోల్డర్ అంటించి తెచ్చి పూస్తే అతుకు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పట్టదు. మంచి అతుకు మెరుస్తూ పిన్ చుట్టూ వాలుగా పరుచుకుంటుంది. ముద్దలా, మసకగా ఉంటే ఫ్లక్స్ రాసి మళ్లీ వేడి చేయండి. ఒక చోట మూడు సెకన్లు మించి ఐరన్ ఆనించి ఉంచితే స్విచ్ లోపలి ప్లాస్టిక్ మెత్తబడి పిన్ కదిలిపోతుంది.

7. కరెంటు ఇవ్వకముందే పరీక్షించండి

మల్టీమీటర్‌ను డయోడ్ మోడ్‌లో పెట్టండి. ఎర్ర ముల్లు నిలువు వరుస వైరుకు, నల్ల ముల్లు అడ్డ వరుసకు ఆనించి, రెండూ కలిసే చోటున్న స్విచ్ నొక్కండి. 0.5 నుంచి 0.7 మధ్య అంకె రావాలి. వదిలితే పోవాలి. పదహారూ ఇలాగే చూడండి, పది నిమిషాల పని.

నొక్కినా ఏమీ రాకపోతే అతుకు పట్టలేదు, లేదా డయోడ్ తిరగబడింది. ముళ్లు అటూఇటూ మార్చి చూస్తే ఏదో తేలిపోతుంది. నొక్కకుండానే అంకె వస్తుంటే ఎక్కడో రెండు తీగలు తగులుతున్నాయి. తర్వాత, ఏ రెండు నిలువు వరుసల మధ్యా, ఏ రెండు అడ్డ వరుసల మధ్యా నేరుగా కనెక్షన్ లేదని కూడా చూడండి.

8. ఫర్మ్‌వేర్ ఎక్కించండి

ఏ కీ నొక్కితే ఏం పంపాలో పికోకు చెప్పే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. క్యూఎంకే అనే ఉచిత ఫర్మ్‌వేర్ వాడదాం. విండోస్‌లో అయితే క్యూఎంకే ఎంసిస్ ఇన్‌స్టాల్ చేసుకోండి. కొత్త కీబోర్డు సృష్టించే కమాండ్ ఇస్తే పేరు, చిప్ రకం అడుగుతుంది. చిప్ దగ్గర ఆర్‌పీ2040 ఎంచుకోండి. అది తయారుచేసిన ఫోల్డర్లోని కీబోర్డ్ జేసన్ ఫైలులో మీరు సరిచేయాల్సినవి మూడే: నిలువు, అడ్డ వరుసల పిన్నుల జాబితాలు, డయోడ్ దిశ (మనం చేసినదానికి నిలువు నుంచి అడ్డానికి), ఏ కీ ఏ గడిలో ఉందో చెప్పే పట్టిక.

కంపైల్ చేస్తే యూఎఫ్2 ఫైలు వస్తుంది. పికో మీది బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెడితే కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది. ఫైలును దానిలోకి కాపీ చేయండి. డ్రైవ్ మాయమై కీబోర్డుగా మారుతుంది. డ్రైవ్ అసలు కనిపించకపోతే కంగారు పడకండి, ముందు కేబుల్ మార్చి చూడండి. ఇంట్లో ఉండే కేబుళ్లలో కొన్ని చార్జింగ్‌కు మాత్రమే పనికొస్తాయి, డేటా తీగలు వాటిలో ఉండవు.

ప్రోగ్రామింగ్ అంటే భయమైతే కేఎంకే అనే ఇంకో ఫర్మ్‌వేర్ చూడండి. సర్క్యూట్‌పైథాన్ మీద నడుస్తుంది, కంపైల్ చేయక్కర్లేదు, టెక్స్ట్ ఫైలు మార్చి సేవ్ చేస్తే చాలు. నేను మాత్రం క్యూఎంకే నేర్చుకోమనే చెబుతాను. మొదటి రోజు కాస్త కష్టపడితే తర్వాత చేసే ప్రతి కీబోర్డుకూ అదే పనికొస్తుంది.

9. పని చేస్తోందా, చూడండి

బ్రౌజర్‌లో ఏదైనా కీ టెస్టర్ తెరిచి ఒక్కో కీ నొక్కండి. తేడా వస్తే కారణం ఇలా పట్టుకోవచ్చు.

- ఒక్క కీ పలకడం లేదు: ఆ కీ అతుకో డయోడో. మెట్టు 7 మళ్లీ.
- వరుస మొత్తం పలకడం లేదు: పికో దగ్గరి వైరు ఊడింది, లేదా ఫైలులో పిన్ నంబరు తప్పు.
- ఒక్క కీ కూడా పలకడం లేదు: డయోడ్లన్నీ తిరగేసి పెట్టి ఉంటారు. ఏదీ ఊడదీయకండి. ఫైలులో డయోడ్ దిశ మార్చి మళ్లీ ఎక్కిస్తే సరి.
- వరుసలో మొదటి కీ నొక్కితే నాలుగో కీ వస్తోంది: వెనక నుంచి వరుసలు తారుమారయ్యాయి. ఫైలులో పిన్నుల క్రమం తిప్పండి.
- ఒక కీకి పక్క కీ కూడా వస్తోంది: రెండు వైర్లు తగులుతున్నాయి.
- అదే అక్షరం రెండుసార్లు పడుతోంది: స్విచ్ లోపలి రేకు అదురుతోంది. ఆ అదురును పట్టించుకోకుండా ఆగే సమయం, డిబౌన్స్, క్యూఎంకేలో మామూలుగా 5 మిల్లీసెకన్లు ఉంటుంది, 8 లేదా 10 చేయండి. తగ్గకపోతే స్విచ్ మార్చండి.

చివరగా దీర్ఘచతురస్రపు మూడు మూలలు ఒకేసారి నొక్కి పట్టండి. టెస్టర్‌లో మూడే వెలగాలి.

10. తెలుగు కోసం ఒక పొర

కీబోర్డు కంప్యూటర్‌కు అక్షరం పంపదు, కీ సంఖ్య మాత్రమే పంపుతుంది. దాన్ని తెలుగు 'క' అనుకోవాలో ఇంగ్లిష్ కె (k) అనుకోవాలో తేల్చేది కంప్యూటర్లో ఎంచుకున్న భాష. అందుకే భారతీయ భాషల కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేసేవాళ్లకు ఈ చిన్న కీబోర్డు గొప్పగా పనికొస్తుంది.

మన రాతలో ఒత్తు లేని వాక్యం అరుదు. ఇన్‌స్క్రిప్ట్‌లో ప్రతి ఒత్తుకూ ముందు పొల్లు నొక్కాలి, అది ఇంగ్లిష్ డి కీ మీద ఉంటుంది. 'క్ర' కావాలంటే కె, డి, జె. అన్నిసార్లు నొక్కే కీ బొటనవేలి కింద ఉంటే ఎంత హాయో వాడి చూస్తేనే తెలుస్తుంది. మీ 16 కీలలో బొటనవేలికి దగ్గరగా ఉన్నదానికి డి ఇవ్వండి. దాని పక్కన భాష మార్చే కీ పెట్టండి, విండోస్‌లో అది విండోస్ కీ, స్పేస్ కలిపి. 'క్ర', 'ప్ర' లాంటి తరచూ వచ్చే జంటలకు, ఒక్క నొక్కుతో కొన్ని కీలు వరుసగా పంపే మ్యాక్రోలు కూడా రాసుకోవచ్చు.

ఒక హెచ్చరిక: కంప్యూటర్ ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు అదే మ్యాక్రో నొక్కితే ఇంగ్లిష్ అక్షరాలే పడతాయి. అందుకే తెలుగు కీలన్నిటినీ క్యూఎంకేలో వేరే పొరలో (అవే కీలకు ఇచ్చే ఇంకో పనుల జాబితాలో) పెట్టి, భాష మార్చే కీతోనే ఆ పొర కూడా మారేలా చేయండి. భాషకూ పొరకూ పొంతన తప్పినప్పుడు సరిచేసుకోవడానికి పొరను మాత్రమే మార్చే కీ ఒకటి విడిగా ఉంచుకోండి.

'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు 'ట్' కింద 'వ' ఒత్తుగా చేరకుండా ఆపే కనిపించని అక్షరం ఒకటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. క్యూఎంకే యూనికోడ్ సదుపాయంతో దానికీ ఒక కీ కేటాయించుకోవచ్చు. లినక్స్‌లో ఐబస్ ఉంటే నేరుగా పనిచేస్తుంది, విండోస్‌లో విన్‌కంపోజ్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకోవాలి.

సర్క్యూట్ బోర్డు ఎప్పుడు?

చేత్తో లాగిన వైర్ల బదులు తీగలు ముద్రించి ఉన్న బోర్డు చేయించుకోవాలనుకుంటే, ఈ 16 కీలను కనీసం ఒక నెల వాడాక. అప్పటికి ఏ కీ ముట్టుకోలేదో, ఏది ఇంకో చోట ఉండాలో మీకే తెలుస్తుంది. అప్పుడు కైక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పటం గీసి, బోర్డు తయారీకి కావలసిన గెర్బర్ ఫైళ్లు తీసి తయారీదారుకు పంపొచ్చు. విదేశీ తయారీదారుల్లో చాలామంది దగ్గర కనీస ఆర్డర్ ఐదు బోర్డులు, మరో ఇద్దరు ముగ్గురితో కలిసి తెప్పించుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. రవాణా, కస్టమ్స్ ఖర్చు విడిగా లెక్కేసుకోండి.

నేను మొదటిసారి తెప్పించిన ఐదు బోర్డుల్లోనూ పికో కూర్చునే రంధ్రాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. బోర్డు కింది వైపు పెట్టాల్సిన భాగాన్ని పై వైపు గీశాను. కైక్యాడ్ తనిఖీలో ఒక్క లోపమూ కనిపించలేదు, ఎందుకంటే గీతలన్నీ సరిగ్గానే కలిశాయి. నెల రోజుల ఎదురుచూపు, ఐదు బోర్డులు పోయాయి. అప్పటి నుంచి బోర్డు పటాన్ని కూడా 100 శాతం సైజులో ప్రింట్ తీసి థర్మాకోల్ మీద పరుస్తున్నాను. అసలు స్విచ్‌లను, పిన్నులు అతికించిన పికోను, అవి బోర్డులో ఏ వైపు ఉంటాయో ఆ వైపు నుంచే కాగితంలోకి గుచ్చి, జీపీ2 దగ్గర జీపీ2 పిన్నే దిగిందా అని వేలు పెట్టి చూస్తాను. ప్రతి పిన్నూ దాని రంధ్రంలో దిగాకే ఫైలు పంపండి.